పాత కట్టడానికి స్థానిక కమిటీ అండ

పట్టణాల్లో వందేళ్లు దాటిన కట్టడాల్లో చాలావాటికి పురావస్తు శాఖ రక్షణ ఉండదు. చార్మినార్, గోల్కొండ కోట వంటివి 1958 నాటి కేంద్ర చట్టం కిందికి వస్తాయి. 2010లో చేసిన సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి లేకుండా ఏ పనీ చేయకూడదు. ఇంకొన్ని ఆలయాలు, కోటలు, బౌద్ధ స్థలాలు రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉంటాయి. ఈ రెండింటికీ అందనివే లెక్కకు ఎక్కువ. నవాబుల భవంతులైన దేవిడీలు, మండువా లోగిళ్లు, బజారు వీధుల్లో చెక్క స్తంభాల దుకాణాలు, పాత బళ్లు, ఆస్పత్రులు, సత్రాలు, గడియార స్తంభాలు, కమానులు అన్నీ ఈ కోవలోవే. వీటిలో మనుషులు కాపురాలు చేస్తుంటారు, అంగళ్లు నడుపుతుంటారు, అన్నదమ్ములు వాటాలు పంచుకుంటుంటారు. చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, కావలివాణ్ణి నియమించి కాపాడే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మనుగడ ఆగకుండా కట్టడం నిలవాలి. ఆ పని చూడటానికి ఏర్పడ్డదే స్థానిక వారసత్వ పరిరక్షణ కమిటీ.

ఇటువంటి కమిటీ చేయవలసినవి రెండు: గుర్తించడం, ఆదుకోవడం. గుర్తింపు ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పూర్తవుతుంది. ఆదుకోవడానికి మాత్రం ఏళ్ల తరబడి డబ్బు, పనితనం, ఓపిక కావాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే, జాబితాలో పేరు యజమానికి ఒక బరువుగానే తోస్తుంది. ఇల్లు అమ్ముడుపోదని, పడగొట్టుకోనివ్వరని, బ్యాంకు అప్పు పుట్టదని భయం మొదలవుతుంది. ఆ భయంతో మరమ్మతు ఆపేసిన ఇల్లు నాలుగైదు వానాకాలాల్లో దానంతటదే కూలుతుంది. తెలుగు నేల మీద ఈ ఏర్పాటును అందరికన్నా ముందు చూసిన నగరం హైదరాబాద్. అక్కడ సాధించిందీ, అక్కడ తెగిపోయిందీ రెండూ ఇతర పట్టణాలకు పాఠాలే.

ఆలోచన ఎక్కడిది

పట్టణమే తన పాత వీధుల్ని కాపాడుకునేలా శాసనం చేసుకోవడం అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు చార్ల్‌స్టన్ నగరంతో 1931లో మొదలైంది. పాత పేట హద్దులు గీసి, ఆ హద్దుల్లో ఇంటి ముఖభాగం మార్చాలంటే ఒక బోర్డు అనుమతి తీసుకోవాలని ఆ నగరం నిబంధన పెట్టింది. ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది న్యూయార్క్. 1963లో అక్కడి పెన్సిల్వేనియా స్టేషన్‌ను పడగొట్టడం మొదలుపెట్టినప్పుడు అడ్డుకునే అధికారం నగరానికి లేకపోయింది. 1965లో చట్టం వచ్చింది, కమిషన్ ఏర్పడింది. అందులో 11 మంది సభ్యులు. ముగ్గురికి తగ్గకుండా వాస్తుశిల్పులు, ఒక చరిత్రకారుడు, ఒక నగర ప్రణాళికా నిపుణుడు లేదా ఉద్యాన వాస్తుశిల్పి, స్థిరాస్తి వ్యాపారం తెలిసిన ఒకరు ఉండాలి. నగరంలోని 5 విభాగాల నుంచీ ఒక్కొక్కరైనా ఉండితీరాలి. స్థిరాస్తి వ్యాపారికి చోటివ్వడం తెలివైన పని. కట్టడం విలువ తెలిసినవాళ్లతో పాటు స్థలం ధర తెలిసినవారు కూడా బల్ల దగ్గర కూర్చుంటే తీర్మానాలు నేల విడవవు.

భారతదేశంలో ముంబై 1995లో ఇలాంటి నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, అంటే నాటి హుడా, తన జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చింది. దేశంలో ముంబై తరవాత రెండో నగరం హైదరాబాదే. ప్రభుత్వ అధికారులతో పాటు వాస్తుశిల్పులు, చరిత్రకారులు, ఇంజనీర్లు ఉండే వారసత్వ పరిరక్షణ కమిటీ దాని కిందనే ఏర్పడింది. 1998 మార్చిలో జాబితా వెలువడింది. అందులో 130కి పైగా కట్టడాలున్నాయి. జాబితా కట్టడాల దగ్గరే ఆగలేదు. కోట్ల ఏళ్ల నాటి గుండ్రాళ్ల గుట్టల్ని కూడా 9 చోట్ల వారసత్వ స్థలాలుగా అందులో చేర్చారు. దక్కను పీఠభూమి మీద పుట్టిన నగరానికి దాని రాళ్లు కూడా ఆస్తే అని ఒప్పుకున్న ఆ నిర్ణయం ఎంతో మెచ్చుకోదగింది.

జాబితాలోకి ఎలా చేరుతుంది

గుర్తింపు సర్వేతో మొదలవుతుంది. వాస్తుశిల్ప విద్యార్థులో, స్వచ్ఛంద సంస్థల వారో, మునిసిపల్ సిబ్బందో వీధి వీధీ తిరిగి ఒక్కో కట్టడానికి ఒక్కో పత్రం రాస్తారు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టించారు, గోడ ఇటుకదా రాతిదా, కప్పు మద్రాసు టెర్రసా పెంకా, పైన చేరిన కొత్త గదులు ఏవి, ఇప్పుడు ఎవరి వాడకంలో ఉంది, ఎంత శిథిలమైంది అన్నవి అందులో ఉంటాయి. హైదరాబాద్‌లో ఇలాంటి పనికి ఒక అపురూపమైన ఆధారం ఉంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, 1910 దశకంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరమంతా కొలిచి పటాలు గీశారు. ఇళ్లు, బావులు, ప్రహరీలు, సందులు కూడా వాటిలో విడివిడిగా కనిపిస్తాయి. ఒక దేవిడీ అప్పటికే ఉందా, దాని అసలు హద్దు ఎంతవరకు, మధ్య వాకిలి ఎక్కడ ఉండేది అన్న ప్రశ్నలకు ఆ పటమే సాక్ష్యం చెబుతుంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయి. ఇతర పట్టణాల్లో ఆ స్థానాన్ని పాత సర్వే పటాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, మునిసిపల్ పన్ను రిజిస్టర్లు, పెళ్లి ఫొటోల వెనక పడ్డ గోడలు కూడా భర్తీ చేస్తాయి.

వయసు ఒక్కటే కొలత అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. న్యూయార్క్‌లో 30 ఏళ్లు నిండిన కట్టడాన్ని కూడా పరిశీలనకు తీసుకుంటారు. అసలు చూడవలసింది ఆ కట్టడం ఏం చెబుతోందన్నది. నిర్మాణ పద్ధతిలో ప్రత్యేకత, ఒక ముఖ్య వ్యక్తితోనో ఘటనతోనో సంబంధం, వీధి రూపానికి అది చేసే మేలు, ఒక వృత్తి లేదా సమాజపు జీవితానికి గుర్తు కావడం, ఇవన్నీ కొలతలే. విడిగా చూస్తే సాదాగా కనిపించే పదిళ్లు వరసగా ఒకే ఎత్తులో, ఒకే తీరు అరుగులతో నిలిస్తే, ఆ వరస మొత్తం వారసత్వ ప్రాంతం అవుతుంది. అందులోంచి ఒక్క ఇల్లు తీసేస్తే తక్కిన తొమ్మిదీ బోసిపోతాయి.

2015 దాకా అమల్లో ఉన్న హైదరాబాద్ నిబంధనలు కట్టడాల్ని మూడు శ్రేణులుగా విడదీశాయి. మొదటి శ్రేణిలోవి జాతీయ, చారిత్రక ప్రాముఖ్యం ఉన్నవి. వాటి లోపలా బయటా మార్పు కూడదు. బలపరచడానికీ ఆయుష్షు పెంచడానికీ తప్పనిసరైన పనులకే అనుమతి. రెండో శ్రేణిలోవి ప్రాంతీయంగా ముఖ్యమైనవి. వాటి రూపానికి భంగం రాకుండా లోపల మార్పులు చేసుకోవచ్చు. కొన్ని సందర్భాల్లో అదే ఆవరణలో, పాతదానికి పొసగేలా, అదనపు నిర్మాణం కూడా సాధ్యం. మూడో శ్రేణి కట్టడాలు వీధి అందానికి తోడ్పడేవి. వాటికి వాడకాన్ని బట్టి మార్పులకు ఎక్కువ వెసులుబాటు ఉంటుంది. తన ఇల్లు ఏ శ్రేణిలో ఉందో తెలుసుకోకుండా యజమాని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. చాలామంది జాబితా అనగానే మొదటి శ్రేణి కట్టుబాట్లు తమకూ వర్తిస్తాయని బెదిరిపోతారు. నిజానికి ఇళ్లలో ఎక్కువ భాగం కింది శ్రేణుల్లోనే ఉంటాయి. వంటగది మార్చుకోవడానికీ, స్నానాలగది కట్టుకోవడానికీ వాటిలో అడ్డేమీ ఉండదు.

జాబితా ఖరారుకు ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు కోరాలి. ఈ గడువును యజమానులూ పట్టించుకోరు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లూ పట్టించుకోరు. పట్టణపు మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు కూడా ఇలాంటి అవకాశమే వస్తుంది. వారసత్వ కమిటీయే లేని ఊళ్లో ఇది మంచి దారి. ప్రతిపాదిత రోడ్డు విస్తరణ గీత పాత బజారు మీదుగా పోతోందా, శతాబ్దం నాటి బడిని వాణిజ్య జోన్‌లో కలిపేశారా అన్నది పటంలో చూసి, ఫొటోలతో లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నిబంధనావళిలో వారసత్వ కట్టడాలకు ప్రత్యేక అధ్యాయం ఉంది. తమ పట్టణానికీ అలాంటి జాబితా కావాలని మునిసిపాలిటీని అడిగే వారికి అది గట్టి ఆధారం. భీమిలి, మచిలీపట్నం, రాజమహేంద్రవరం, విశాఖ పాతపట్నం వంటి చోట్ల ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్ల కోసం ఈ పని ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలి. కట్టడం మీద ఎవరి కన్నో పడ్డాక, కూల్చే యంత్రం గేటు ముందుకు వచ్చాక, జాబితా కోసం పరుగెత్తితే కమిటీలో మంచివాళ్లున్నా చేయగలిగేది తక్కువ.

పేరు ఎక్కాక అనుమతులు

జాబితాకెక్కిన కట్టడంలో కూల్చివేతకూ, పెద్ద మార్పుకూ, ముఖభాగం తాకే పనికీ కమిటీ సలహా మీదనే అనుమతి వస్తుంది. మామూలు భవన అనుమతికి ఇది అదనపు మెట్టు. ఇక్కడే యజమానికి విసుగు పుడుతుంది. వానకు కారే కప్పు బాగుచేసుకోవడానికి ఆరు నెలలు ఎదురుచూడమంటే ఎవరైనా రాత్రికి రాత్రి మేస్త్రీని పిలిపించుకుంటారు. న్యూయార్క్ కమిషన్ ఈ చిక్కును పనిని మూడు రకాలుగా విభజించి తీర్చుకుంది. పెయింటు తొలగించడం, కిటికీ మార్చడం వంటి చిన్న పనులకు ఒక అనుమతి, ముఖభాగాన్ని తాకని లోపలి పనులకు మరొకటి. ఈ రెండూ సిబ్బంది స్థాయిలోనే ఇస్తారు. కట్టడం రూపాన్ని నిజంగా మార్చే ప్రతిపాదనలు మాత్రమే సభ్యుల ముందు బహిరంగ విచారణకు వస్తాయి. దరఖాస్తుల్లో అత్యధిక భాగం విచారణ దాకా పోనే పోవు. నెలకోసారైనా సమావేశం కాని కమిటీకి ఈ విభజన మరీ అవసరం. కమిటీ చేతిలో ఇద్దరు ముగ్గురు పూర్తికాలపు ఉద్యోగులు, చిన్న పనుల మీద రాతపూర్వకమైన మార్గదర్శకాలు ఉంటే యజమానితో సగం తగవు లేకుండా పోతుంది.

అనుమతి ఇచ్చేటప్పుడే సాంకేతిక సలహా ఇవ్వడం కమిటీ చేయగల పెద్ద ఉపకారం. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని తిరిగి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ తేమ లోపలే చిక్కుకుపోతుంది. ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల గుల్లవుతుంది. పాత ఇళ్లు పాడయ్యేది వయసు వల్ల కన్నా ఇలాంటి మరమ్మతుల వల్లనే ఎక్కువ. సున్నాన్ని తగినన్ని రోజులు నానబెట్టి, ఇసుకతో గానుగలో ఆడించి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి వాడే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ సంస్థ 2013 నుంచి చేపట్టిన పరిరక్షణ పనుల్లో సంప్రదాయ పద్ధతి తెలిసిన పనివారే ముందు నిలిచారు. అటువంటి వారి పేర్ల పట్టీ కమిటీ కార్యాలయంలో దొరకాలి. మంచి ఇంజనీరు సలహా కన్నా కూడా చిన్న యజమానికి ఇదే ముందు కావలసింది.

డబ్బు, హక్కు, ఊరట

మరమ్మతు బాధ్యత యజమానిదే అని దాదాపు ప్రతి నిబంధనా చెబుతుంది. ఆ మాట న్యాయంగా ఉండాలంటే, కట్టడాన్ని కాపాడినందుకు అతను వదులుకున్నదాంట్లో కొంతైనా ఊరు తిరిగివ్వాలి. రెండంతస్తుల పాత ఇల్లున్న స్థలంలో పక్కవాళ్లు ఆరంతస్తులు వేసుకుంటుంటే, ఇతన్ని మాత్రమే ఆగమనడం ఒక త్యాగం కోరడమే. ఈ లోటు పూడ్చడానికి చాలా నగరాలు వాడే సాధనం బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు, అంటే టీడీఆర్. తన స్థలంలో కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును పత్రంగా తీసుకుని, వేరేచోట కట్టుకునే మరొకరికి యజమాని అమ్ముకుంటాడు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ కేసు. ఆ స్టేషన్‌కు 1967లో గుర్తింపు వచ్చింది. దాని నెత్తిన 50 అంతస్తులకు పైబడిన భవనం వేస్తామని యజమాని అయిన పెన్ సెంట్రల్ కంపెనీ అడిగింది. కమిషన్ ఒప్పుకోలేదు. ఆస్తి హక్కు లాక్కున్నారంటూ కంపెనీ కోర్టుకెక్కింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో నగరం వైపు తీర్పు చెప్పింది. స్టేషన్ వాడకం యథాతథంగా సాగుతోందని, కట్టుకోని హక్కును దగ్గరి స్థలాలకు బదిలీ చేసుకునే వీలు ఉందని కోర్టు లెక్కలోకి తీసుకుంది. యజమానికి ఏదో ఒక దారి తెరిచి ఉంచిన నిబంధన కోర్టులో నిలుస్తుందని ఆ కేసు చూపించింది.

2015లో తొలగించిన హైదరాబాద్ 13వ నిబంధనలోనూ టీడీఆర్ ప్రస్తావన ఉండేది. అయితే ఈ హక్కుకు ధర ఎప్పుడు వస్తుందన్నది ఆలోచించాలి. ఎంత స్థలానికి ఎంత కట్టవచ్చన్న పరిమితి కఠినంగా ఉన్న ఊళ్లోనే అదనపు హక్కును ఎవరైనా కొంటారు. ముంబైలో ఆ పరిమితి ఉంది కనుక మార్కెట్ ఉంది. హైదరాబాద్‌లో 2006లో ఈ పరిమితిని (ఎఫ్‌ఎస్‌ఐ) ఎత్తేసి, రోడ్డు వెడల్పు, వదలవలసిన ఖాళీ జాగాలనే కొలతలుగా పెట్టారు. సొంత స్థలంలోనే కావలసినంత పైకి లేపుకునే వీలున్నవాడు పరాయి హక్కు కొనడానికి ఎందుకు వస్తాడు? రోడ్ల విస్తరణకు స్థలం ఇచ్చినవారికి టీడీఆర్ పత్రాలిస్తూ, వాటితో అదనపు అంతస్తు, సడలింపు పొందే ఏర్పాటు తరవాతి ఏళ్లలో చేశాక ఆ పత్రాలకు గిరాకీ పుట్టింది. వారసత్వ గృహాల యజమానులకూ అదే పాళ్లలో, అంతే తేలిగ్గా పత్రాలు అందితే పాతబస్తీ దేవిడీల తలరాత మారుతుంది. కమిటీ ముందుకు వెళ్లే యజమాని తన దరఖాస్తుతో పాటు ఈ కోరికను కూడా కాగితం మీద పెట్టాలి. అడిగినవాళ్ల సంఖ్య పెరిగితేనే విధానంలో కదలిక వస్తుంది.

టీడీఆర్ పెద్ద స్థలాలకు ఉపయోగం. చిన్న ఇంటికి కావలసింది నగదు సాయం. పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి ఇందుకు చక్కని ఉదాహరణ. ఐరోపా సమాఖ్య సాయంతో నడిచిన ఒక ప్రాజెక్టులో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ స్థానిక విభాగం ఆ తమిళ వీధిలోని ఇళ్ల ముఖభాగాల్ని బాగుచేయించింది. ఖర్చులో కొంత ప్రాజెక్టు పెట్టింది, కొంత ఇంటివారు పెట్టుకున్నారు. తిన్నెలు, చెక్క స్తంభాల వసారాలు మళ్లీ వరసగా నిలబడ్డాయి. 2008లో ఆ వీధికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఇంటివారి సొమ్ము కూడా కలవడం ఇందులో కీలకం. తన డబ్బు పడ్డ గోడను ఏ యజమానీ ఫ్లెక్సీలతో కప్పెయ్యడు. న్యూయార్క్ కమిషన్ కూడా తక్కువ ఆదాయం ఉన్న ఇంటి యజమానులకూ, లాభాపేక్ష లేని సంస్థలకూ చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ఆస్తిపన్నులో తగ్గింపు, మరమ్మతు అనుమతికి రుసుము మాఫీ, నివాసాన్ని అతిథిగృహంగానో ఫలహారశాలగానో మార్చుకోవడానికి జోనింగ్ సడలింపు, ఇవి మునిసిపాలిటీకి పెద్దగా ఖర్చు లేని సాయాలు. వాడకం మార్పు వీటన్నిటిలో విలువైనది. ఆదాయం తెచ్చే ఇల్లు తన మరమ్మతు తానే చూసుకుంటుంది.

గౌరవం చేసే పని

డబ్బు ఇవ్వలేని చోట గుర్తింపు కూడా కొంత పని చేస్తుంది. ఇంటాక్ హైదరాబాద్ విభాగం ఏప్రిల్ 18న జరిగే ప్రపంచ వారసత్వ దినం సందర్భంగా, కట్టడాల్ని చక్కగా నిలుపుకున్న యజమానులకూ సంస్థలకూ వారసత్వ పురస్కారాలు ఇస్తూ వచ్చింది. ఇంటి గోడకు బిగించే ఒక ఫలకం చిన్న విషయంగా కనిపించవచ్చు. వాటాదారుల్లో నలుగురు అమ్మేద్దామంటున్న ఇంట్లో, వద్దనే ఐదో మనిషికి ఆ ఫలకం పెద్ద అండ. బంధువుల ముందు, వీధి ముందు అతని మాటకు బలం వస్తుంది.

కుటుంబాలు సొంత ఖర్చుతో సాధించిన పనులు అంతర్జాతీయ గౌరవం పొందిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌ను నిజాం కుటుంబం తరఫున ఎస్రా రాకుమారి చొరవతో పునరుద్ధరించారు. 2010లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ఇంకా స్ఫూర్తినిచ్చే ఉదాహరణ. అది పర్యాటక నగరంలో లేదు. సంస్థానపు వారసులు సొంత డబ్బుతో, పరిరక్షణ వాస్తుశిల్పి అనురాధా నాయక్ మార్గదర్శనంలో పనులు చేయించారు. 2022లో యునెస్కో ఆ కోటకూ, గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకూ ఒకే ఏడాది పురస్కారాలు ప్రకటించింది. పల్లెలో ఉన్న ప్రైవేటు ఆస్తికి కూడా ఇంతటి గుర్తింపు వస్తుందని జిల్లాల్లోని కోటలు, గడీల వారసులకు అది తెలియజెప్పింది.

ప్రభుత్వమే యజమాని అయినప్పుడు

ప్రైవేటు యజమానిని కట్టడి చేసే నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందా అన్న ప్రశ్న హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ విషయంలో తేలింది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఈ భవంతి తరవాత ప్రభుత్వ ఇంజనీర్ల కార్యాలయమైంది. వారసత్వ జాబితాలోనూ ఉంది. 2015లో ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రాష్ట్ర స్థాయిలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ప్రాధికార సంస్థ, హైదరాబాద్‌కు ఒక కమిటీ, జిల్లాలకు కమిటీలు అందులోని ఏర్పాట్లు. పాత నిబంధన పోయి కొత్త చట్టం వేళ్లూనుకోని ఆ సంధికాలంలో, 2019 జూన్‌లో, ఎర్రమంజిల్ స్థానంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. పౌరులు, విద్యార్థులు, నవాబు వారసులు హైకోర్టును ఆశ్రయించారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కట్టడానికి ఉన్న వారసత్వ హోదానూ, చట్టం కోరే అనుమతులనూ పట్టించుకోకుండా నిర్ణయం తీసుకున్నారని తప్పుపట్టింది. 1998 నాటి జాబితాలో ఆ పేరు ఉండకపోతే పిటిషనర్ల చేతిలో ఆయుధమే ఉండేది కాదు. గుర్తింపు తొందరగా, శాంతంగా ఉన్న రోజుల్లో జరగాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ప్రభుత్వం మంచి యజమానిగా నడుచుకున్న ఉదాహరణ హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్. 1935 నాటి ఈ రాతి బజారు రేకుల షెడ్లతో, బోర్డులతో, కారే కప్పులతో గుర్తుపట్టలేకుండా తయారైంది. 2018లో మొదలైన పనుల్లో అదనపు నిర్మాణాలు తీసేసి, రాతిని శుభ్రం చేసి, కప్పులు బాగుచేసి, గడియార స్తంభాన్ని వెలుగులోకి తెచ్చారు. 2020 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు పాత వ్యాపారులు అక్కడే కొనసాగారు. కిరాయిదార్లను వెళ్లగొట్టకుండా చేసినందువల్లే అది ఇప్పటికీ బజారుగా బతుకుతోంది.

యజమాని సిద్ధం చేసుకోవలసిన దస్త్రం

కమిటీ ముందుకు వెళ్లేవారు ముందు ఒక దస్త్రం తయారు చేసుకుంటే సగం పని అయినట్టే. ఆస్తి పత్రాల నకళ్లు, వాటాదారులందరి సమ్మతి పత్రం, పన్ను రసీదులు మొదట ఉండాలి. వాటాదారుల్లో ఒకరి సంతకం లేకపోయినా దరఖాస్తు ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు కనుక ఈ పని కుటుంబంలో ముందే తేల్చుకోవాలి. తరవాత ఇంటి ప్రతి గదికీ, ప్రతి ముఖానికీ తేదీ వేసిన ఫొటోలు, కొలతలతో నేల పటం, పగుళ్లు, చెమ్మ, చెదలు పట్టిన చోట్ల గుర్తులు. వీటితో పాటు ఇంటి కథ ఒక పేజీలో రాయాలి. ఎవరు కట్టించారు, ఏ పనివాళ్లు కట్టారు, ఏ ముఖ్యులు వచ్చారు, ఏ ఘటనలు జరిగాయి అన్నది, ఆధారం ఉన్నంతవరకే. నిరూపించలేని గొప్పలు చేర్చితే నిజమైనవీ అనుమానానికి గురవుతాయి. చివరగా చేయదలచిన పని, దానికి వాడే సామగ్రి, అంచనా ఖర్చు, కమిటీ నుంచి కోరుతున్న సాయం స్పష్టంగా పెట్టాలి. అన్ని కాగితాలకూ అందినట్టు ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఏ దశలో ఉందో అడగవచ్చు.

అనుమతి వచ్చి పని పూర్తయ్యాక కూడా దస్త్రం మూయకూడదు. ఏటా మే నెలలో, తొలకరికి ముందే, కప్పు మీద పేరుకున్న ఆకులు తీయించాలి, వాన నీటి గొట్టాలు శుభ్రం చేయించాలి, గోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి ఆ చీలికను సున్నంతో పూడ్పించాలి. పైన కోసి కింద వదిలేస్తే వేరు గోడలోకి మరింత దిగుతుంది. వాన వెలిశాక అక్టోబరులో మళ్లీ అవే చోట్ల ఫొటోలు తీసి పాతవాటి పక్కన పెడితే పగులు పెరుగుతోందా ఆగిందా తెలిసిపోతుంది. పెరుగుతున్నట్టు కనిపిస్తే ఆ జంట ఫొటోలనే జతచేసి అత్యవసర మరమ్మతుకు కమిటీకి రాయాలి. తేదీలున్న సాక్ష్యం ఉంటే అలాంటి దరఖాస్తును పక్కన పెట్టడం ఏ కార్యాలయానికైనా కష్టం.